నూరో వంతు స్టేషను

బొమ్మ రైలు వేరు, నమూనా రైలు వేరు.

తాళం తిప్పి వదిలితే గుండ్రటి పట్టాల మీద గిరగిర తిరిగేది బొమ్మ రైలు. దాని పెట్టె ఎంత పొడవుండాలి, చక్రం ఎంత లావుండాలి అని ఎవరూ అడగరు. చూడడానికి ముచ్చటగా ఉంటే చాలు. నమూనా రైలు సంగతి అలా కాదు. అసలు రైలులో ఏది ఎంత ఉందో తెలుసుకొని, అన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినదే నమూనా. పెట్టె నూరో వంతు అయితే కిటికీ కూడా నూరో వంతే. మెట్టు కూడా నూరో వంతే. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే మనిషి కూడా నూరో వంతే!

ఈ విద్యకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో మార్క్‌లిన్ అనే బొమ్మల కంపెనీ ఒక కొత్త వస్తువును ప్రదర్శించింది. ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు, వాటి మీద తాళంతో నడిచే రైలు. పట్టాల మధ్య దూరాలకు ఆ కంపెనీ వరుసగా అంకెలు కూడా పెట్టింది. అందువల్ల ఈ ఏడాది కొన్న బండికి వచ్చే ఏడాది కొన్న పట్టాలు సరిపోయే వీలు కలిగింది. అక్కడి నుంచి బొమ్మ మెల్లమెల్లగా నమూనాగా ఎదిగింది. జర్మనీలోనే హాంబర్గు నగరంలో 2001లో ఆరంభమైన 'మీనియేచర్ వండర్‌లాండ్' అనే ప్రదర్శనశాలలో వెయ్యికి పైగా చిన్న రైళ్ళు ఉన్నాయి. మన దేశంలో పుణె నగరంలో 1998 నుంచి జోషీ చిన్న రైళ్ళ మ్యూజియం నడుస్తున్నది.

అయితే ఒక విశేషం గమనించండి. నమూనాలు కట్టేవారిలో చాలామంది ఆవిరి ఇంజన్ల కాలాన్నే ఎంచుకుంటారు. పొగ, కూత, పెద్ద పెద్ద చక్రాలు అందరికీ ఇష్టం. ఆ కాలం గురించి పుస్తకాలు, బొమ్మలు కూడా కావలసినన్ని దొరుకుతాయి. మన కళ్ళ ఎదుట ప్రతి దినం నడిచే రైలును ఉన్నది ఉన్నట్లు కట్టేవారు తక్కువ. 'అదెంత పని? స్టేషనుకు వెళ్ళి చూస్తే సరిపోతుంది కదా!' అనిపిస్తుంది. నిజానికి అదే కష్టమైన పని. ఎందుకో, ఎలాగో చూద్దాం.

ఎంతకు ఎంత?

మొదట నిష్పత్తి సంగతి తేల్చుకోవాలి. నమూనా రైళ్ళ లోకంలో ఎక్కువ మంది వాడే కొలత పేరు 'హెచ్.ఓ.'. 'ఓ' అనే పెద్ద కొలతలో సగం కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. దాని నిష్పత్తి 1:87. అందులో పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఈ 16.5ను 87తో గుణించి చూడండి. సుమారు 1,435 మి.మీ. వస్తుంది. ఐరోపాలోను, అమెరికాలోను చాలా రైళ్ళు నడిచే 'స్టాండర్డ్ గేజి' సరిగ్గా అంతే.

కాని మన రైళ్ళు నడిచేది బ్రాడ్‌గేజి మీద. అక్కడ పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. దీన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది. అంటే 1:87 కొలతలో చేసిన మన పెట్టెను బజారులో దొరికే 16.5 మి.మీ. పట్టాల మీద ఎక్కిస్తే, భారీ మనిషి చిన్న పీట మీద కూర్చున్నట్లు ఉంటుంది. ఎంత బాగా రంగు వేసినా అది మన రైలులా కనబడదు.

మరి ఏం చేయాలి? 1,676ను 100తో భాగించండి. 16.76 మి.మీ. బజారులో దొరికే పట్టాలకు, దీనికి తేడా పావు మిల్లీమీటరు మాత్రమే! కంటికి అది తెలియనే తెలియదు. కనుక సొంతంగా పెట్టెలు చేసుకొనే మనకు 1:100 నిష్పత్తి అన్ని విధాలా అనుకూలం. ఇందులో ఇంకొక సౌకర్యం కూడా ఉంది. అసలు స్టేషనులో ఒక మీటరు ఉన్నది నమూనాలో ఒక సెంటీమీటరు అవుతుంది. కాగితం, పెన్సిలు లేకుండానే లెక్క కట్టవచ్చు.

ఇప్పుడు కొన్ని కొలతలు రాసుకుందాం. ఈ రోజుల్లో ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు ఎక్కువగా తగిలిస్తున్నవి 'ఎల్.హెచ్.బి.' పెట్టెలు. ఈ మూడు అక్షరాలు వీటి రూపకల్పన చేసిన జర్మన్ కంపెనీ పేరులోనివి. ఈ పెట్టె పొడవు సుమారు 23.5 మీటర్లు, వెడల్పు 3.24 మీటర్లు, పట్టా నుంచి ఎత్తు సుమారు 4 మీటర్లు. నమూనాలో ఇవి 23.5, 3.24, 4 సెంటీమీటర్లు. వీటిని లాగే డబ్ల్యు.ఏ.పి.-7 అనే విద్యుత్ ఇంజను పొడవు 20.6 మీటర్లు. నమూనాలో 20.6 సెం.మీ. ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా కన్నా సుమారు 80 సెం.మీ. పైకి ఉంటుంది. నమూనాలో అది 8 మి.మీ. పైనుండే కరెంటు తీగ పట్టా నుంచి సుమారు ఐదున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. నమూనాలో ఐదున్నర సెంటీమీటర్లు. సిమెంటు స్లీపరు పొడవు 2.75 మీటర్లు. నమూనాలో 2.75 సెం.మీ.

పట్టా ఎత్తును కూడా మరువకూడదు. ప్రధాన మార్గాల్లో వాడే 60 కిలోల పట్టా, అంటే మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా, ఎత్తు 172 మి.మీ. నూరో వంతు 1.7 మి.మీ. మాత్రమే. బజారులో దొరికే మామూలు బొమ్మ పట్టాల ఎత్తు రెండున్నర మి.మీ. దాకా ఉంటుంది. అసలు పట్టాలు పావు మీటరు ఎత్తున ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి! బొమ్మ రైలు మార్గం బొమ్మలాగానే కనబడడానికి ఇదొక ముఖ్య కారణం.

ముట్టకుండా కొలవడం

కొలతలన్నీ పుస్తకాల్లో దొరకవు. మీ ఊరి స్టేషనులో వంతెన స్తంభం ఎంత ఎత్తుందో, నీళ్ళ కుళాయిలు ఎన్ని అడుగులకొకటి ఉన్నాయో ఎవరూ అచ్చు వేయరు. అవి మీరే చూసి రాసుకోవాలి.

అయితే ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఈ పనులన్నీ ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కొని, పెద్దలను వెంటబెట్టుకొని, పసుపు గీతకు ఇవతల నిలబడి చేయవలసినవి. కొలత కోసం పట్టాల మీదికి దిగడం ప్రమాదం, నేరం కూడా. పైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. అంత వోల్టేజి ఉన్నప్పుడు తీగను తాకనక్కరలేదు, దగ్గరకు వెళ్ళినా చాలు, విద్యుత్తు గాలిలో నుంచి దూకుతుంది. పొడవాటి కర్రలు, ఇనుప టేపులు వెంట తీసుకువెళ్ళకండి.

దిగకుండా కొలిచేదెట్లా? రైలు మార్గమే మనకు ఒక పెద్ద స్కేలు. ప్రధాన మార్గాల్లో కిలోమీటరుకు సుమారు 1,660 స్లీపర్లు పరుస్తారు. అంటే ఒక స్లీపరుకు, మరొక స్లీపరుకు మధ్య దూరం సుమారు 60 సెం.మీ. ప్లాట్‌ఫారం మీద నిలబడి రెండు కరెంటు స్తంభాల మధ్య స్లీపర్లను లెక్కపెట్టండి. 90 ఉన్నాయనుకోండి. 90ని 60తో గుణిస్తే 5,400 సెం.మీ., అంటే 54 మీటర్లు. మీ నమూనాలో ఆ స్తంభాలను 54 సెం.మీ. దూరంలో నిలబెట్టాలి. స్తంభాల మీద కిలోమీటరు అంకె, దాని కింద వరుస అంకె రాసి ఉండడం కూడా చూస్తారు. దాన్ని కూడా మీ పుస్తకంలోకి ఎక్కించండి.

ఎత్తులకు నీడ సాయం తీసుకోండి. మీటరు పొడవున్న కర్ర నీడ 80 సెం.మీ. పడుతున్న సమయంలో దీపస్తంభం నీడ 4 మీటర్లు ఉంటే, స్తంభం ఎత్తు 5 మీటర్లు. సరూప త్రిభుజాల పాఠం ఇక్కడ పనికివచ్చింది కదా!

వేగాన్ని కూడా కొలవవచ్చు. కొక్కేలతో కలిపి ఎల్.హెచ్.బి. పెట్టె పొడవు 24 మీటర్లు. ఆగకుండా వెళ్ళే రైలులో పది పెట్టెలు మీ ఎదుటి స్తంభాన్ని దాటడానికి 8 సెకన్లు పట్టిందనుకోండి. 240 మీటర్లు 8 సెకన్లలో, అంటే సెకనుకు 30 మీటర్లు. గంటకు 108 కిలోమీటర్లు. మీ నమూనా రైలు కూడా అదే వేగంతో పోతున్నట్లు కనబడాలంటే సెకనుకు 30 సెం.మీ. నడవాలి. బొమ్మ రైళ్ళు దీనికి రెండింతలు, మూడింతలు వేగంగా పరుగెత్తుతాయి. ఆ లెక్కన అసలు రైలు గంటకు 300 కిలోమీటర్లు దాటి పోవాలి! నమూనాను నమ్మదగినదిగా చేయడానికి ఖర్చు లేని ఉపాయం ఒకటే: నెమ్మదిగా నడపండి.

నూరో వంతుకు లొంగనివి

ఇంతవరకు అన్నిటినీ నూరుతో భాగించాం. అన్నీ అలా భాగింపబడితే ఎంత బాగుండును! కొన్ని లొంగవు.

మొదటిది పొడవు. 24 పెట్టెల రైలు పొడవు సుమారు 576 మీటర్లు. నూరో వంతు చేసినా 5.76 మీటర్లు. ఎన్ని ఇళ్ళలో అంత పొడవైన గది ఉంటుంది? కనుక ఆరు పెట్టెలతో సరిపెట్టుకొని, ప్లాట్‌ఫారంను కూడా ఆ మేరకు తగ్గించాలి. ఇక్కడ ఒక నియమం పాటించాలి. పెట్టెల సంఖ్యను తగ్గించవచ్చు గాని, పెట్టె పొడవును తగ్గించకూడదు. కురచ పెట్టెను కన్ను వెంటనే పట్టేస్తుంది. 24కు బదులు 6 ఉంటే ఎవరూ లెక్కపెట్టరు. ఇంకొక ఉపాయం, గూడ్సు బండిని ఎంచుకోవడం. బొగ్గును మోసే బాక్స్-ఎన్ వ్యాగను పొడవు 10.7 మీటర్లే. సింగరేణి బొగ్గు థర్మల్ కేంద్రాలకు వెళ్ళే దారుల్లో ఇవి బారులు తీరి కనబడతాయి. ఎక్స్‌ప్రెస్ పెట్టెలు రెండు పట్టే చోట ఇవి నాలుగు పడతాయి.

రెండవది వంపు. మన బ్రాడ్‌గేజిలో అనుమతించే అత్యంత గట్టి వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. నూరో వంతు 1.75 మీటర్లు. ఆ వంపులో రైలు పూర్తిగా చుట్టి రావాలంటే మూడున్నర మీటర్ల వెడల్పు కావాలి. బొమ్మ సెట్లలో వచ్చే పట్టాల వ్యాసార్ధం 36 నుంచి 46 సెం.మీ. మాత్రమే. అంత గట్టి వంపులో పొడవైన పెట్టెల మూలలు బయటికి పొడుచుకువస్తాయి. అందుకే అనుభవజ్ఞులు గుండ్రటి మార్గాన్ని వదలి, గోడ వెంట తిన్నని బల్ల మీద ఒక స్టేషనును మాత్రమే కడతారు. రైలు ఒక చివర వంతెన కింది నుంచి వస్తుంది, రెండో చివర చెట్ల వెనుకకు పోతుంది. చూసేవారు మిగిలిన దారిని మనసులో పూరించుకుంటారు.

మూడవది బరువు. పొడవు నూరో వంతు, వెడల్పు నూరో వంతు, ఎత్తు నూరో వంతు అయినప్పుడు ఘనపరిమాణం ఎంత అవుతుంది? నూరు, నూరు, నూరు గుణిస్తే పది లక్షలు. కనుక బరువు కూడా పది లక్షల వంతే కావాలి. డబ్ల్యు.ఏ.పి.-7 ఇంజను బరువు 123 టన్నులు. పది లక్షల వంతు 123 గ్రాములు. ఒక జామకాయంత! పెట్టె సుమారు 40 టన్నులు, నమూనాలో 40 గ్రాములు. అంత తేలికైన పెట్టె పట్టాల అతుకుల మీద నిలవదు, ఎగిరిపడుతుంది. అందువల్ల 1935లో ఏర్పడిన అమెరికా జాతీయ నమూనా రైల్వే సంఘం పెట్టెలకు అదనపు బరువు పెట్టమని సిఫారసు చేసింది. హెచ్.ఓ. కొలతకు ఆ సంఘం ఇచ్చిన సూత్రం ప్రకారం 24 సెం.మీ. పెట్టె సుమారు 160 గ్రాములు ఉండాలి. అంటే లెక్క ప్రకారం రావలసిన దానికి నాలుగు రెట్లు!

నాలుగవది, అన్నిటికన్నా మొండిది, కాలం. గడియారాన్ని నూరుతో భాగించలేం. గురుత్వాకర్షణనూ తగ్గించలేం. 5 మీటర్ల ఎత్తు నుంచి రాయి పడడానికి సుమారు ఒక సెకను పడుతుంది. 5 సెం.మీ. ఎత్తు నుంచి పడడానికి సెకనులో పదో వంతు చాలు. ఎత్తు నూరో వంతు అయితే కాలం పదో వంతు అవుతుంది. ఎందుకంటే పడే కాలం ఎత్తు యొక్క వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 100కు వర్గమూలం 10. నమూనా పెట్టె ఊగినా, పట్టా తప్పి పడినా ఆ కదలిక బొమ్మలా చటుక్కుమని కనబడేది ఇందుకే. సినిమాలలో చిన్న నమూనాలను కూల్చే దృశ్యాన్ని వేగంగా తిరిగే కెమెరాతో తీసి, నెమ్మదిగా చూపడంలోని రహస్యం కూడా ఇదే.

బండిని నడిపే విద్య

పాత పద్ధతిలో పట్టాలలోకి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పంపేవారు. వోల్టేజి పెంచితే బండి వేగం పెరుగుతుంది. ధన, ఋణ ధ్రువాలను తారుమారు చేస్తే బండి వెనక్కు నడుస్తుంది. చాలా సులువైన ఏర్పాటు. కాని ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు ఉంటే రెండూ ఒకేసారి కదులుతాయి.

1990లలో డిజిటల్ నియంత్రణ వచ్చింది. ఇందులో పట్టాలలో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. దానితోపాటు సంకేతాలు కూడా ప్రయాణం చేస్తాయి. ప్రతి ఇంజనుకు ఇంటి నంబరు లాంటి ఒక అంకె ఉంటుంది. 'ఏడో నంబరు ఇంజను, మెల్లగా ముందుకు కదులు' అన్న సంకేతం పట్టా మీది ఇంజన్లన్నిటికీ చేరుతుంది. కాని ఏడో నంబరుదే దాన్ని అందుకొని పాటిస్తుంది. మిగిలినవి, పోస్టుమాను మన ఇల్లు దాటి పోయినట్లు, ఊరకుంటాయి. ఇంజనులోని చిన్న ఎలక్ట్రానిక్ పలక వేగాన్ని క్రమంగా పెంచి, క్రమంగా తగ్గిస్తుంది. తేలికైన నమూనాకు లేని జడత్వాన్ని అది తెచ్చిపెడుతుందన్న మాట. బరువు లెక్కలో పోగొట్టుకున్నదాన్ని ఇక్కడ కొంత తిరిగి సంపాదిస్తాం.

నమూనా రైలు మార్గంలో స్విచ్చులు, రిలేలు, సిగ్నళ్ళు కలపడం పెద్ద తర్కశాస్త్రమే. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు నమూనా రైల్వే క్లబ్బును స్థాపించారు. వారు టెలిఫోను రిలేలతో తమ చిన్న రైళ్ళను నియంత్రించేవారు. ఆ క్లబ్బులో చేయి తిరిగిన వారిలో కొందరు తర్వాత కంప్యూటర్ల దగ్గరకు చేరారు. 1962 నాటి ప్రసిద్ధ కంప్యూటరు ఆట 'స్పేస్‌వార్' తయారీలో ఈ క్లబ్బు సభ్యుల చేయి ఉంది. చిన్న రైలు ఎంత దూరం తీసుకువెళ్ళిందో చూడండి!

'నేడు' అనేది ఎక్కడ ఉంది?

కొలతలన్నీ సరిపోయాయి. రైలు సరైన వేగంతో నడుస్తున్నది. అయినా చూసేవారికి అది ఈ కాలపు స్టేషను అని ఎలా తెలుస్తుంది? ఇక్కడే నేటి నమూనా కష్టం. రోజూ చూసేదాన్ని మనం చూడం. కళ్ళు మూసుకొని మీ ఊరి స్టేషను పేరు రాసిన పలకను తలచుకోండి. పసుపు మీద నల్ల అక్షరాలు, మూడు భాషలు. సరే. దాని మీద ఇంకేమి రాసి ఉంది? ఆ చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో రాసి ఉంటుంది. ఎంతమంది గమనించారు?

నేటి స్టేషనును చెప్పే గుర్తులు ఇలాంటివి: కాలపు రంగు పట్టిన కర్ర స్లీపర్లకు బదులు బూడిద రంగు సిమెంటు స్లీపర్లు. చేయి పైకెత్తి, కిందికి దించే పాత సిగ్నళ్ళకు బదులు రంగు దీపాలు. మార్గం పొడవునా కరెంటు స్తంభాలు, తీగలు. కదిలే అక్షరాల ఎలక్ట్రానిక్ బోర్డులు. టీ బల్ల మీద డబ్బు చెల్లించడానికి అతికించిన నలుపు తెలుపు గళ్ళ చీటీ. బెంచీ మీద కూర్చున్నవారి వంచిన తలలు, చేతిలో ఫోన్లు. స్టేషను బయట ఆటోల వరుస. ఆటో పొడవు నమూనాలో రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు, మనిషి ఎత్తు 1.6 లేక 1.7 సెం.మీ.

పట్టాల రంగు కూడా చూడండి. ఇనుము గాలితోను, తేమతోను కలిసి తుప్పు పడుతుంది. అందుకే పట్టా పక్కలు గోధుమ రంగులో ఉంటాయి. పైభాగాన్ని మాత్రం చక్రాలు తోమిపెడతాయి, అది అద్దంలా మెరుస్తుంది. ఏ పట్టా పైభాగం మెరవడం లేదో దాని మీద చాలా రోజులుగా బండి నడవలేదన్న మాట. రైళ్ళు ఆగే చోట బ్రేకుల నుంచి రాలిన పొడి పడి కంకర నల్లబడుతుంది. ఇవన్నీ మురికి కాదు, సాక్ష్యాలు. నమూనాలో వీటిని చూపితేనే ఆ పట్టాల మీద రైళ్ళు నడుస్తున్నాయని చూసేవారు నమ్ముతారు.

చేతులు కదపండి

ఖరీదైన ఇంజను లేకపోయినా పని మొదలుపెట్టవచ్చు. 2 మీటర్ల పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల పలక తీసుకోండి. అది అసలు లెక్కలో 200 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల నేల. రెండు మార్గాలు, ఒక ప్లాట్‌ఫారం, ఒక కాలినడక వంతెన, వెనుక ఒక వీధి అందులో చక్కగా అమరుతాయి.

కదలని పట్టాలైతే 16 నంబరు గేజి తీగను తిన్నగా సాగదీసి వాడవచ్చు. దాని మందం 1.6 మి.మీ. మనకు కావలసినది 1.7. అగ్గిపుల్లలను 2.75 సెం.మీ. ముక్కలుగా కోసి, బూడిద రంగు వేసి, 6 మి.మీ. దూరంలో పేర్చితే స్లీపర్లు సిద్ధం. మందుగల తలలను ముందే పెద్దల చేత తీయించండి. ప్లాట్‌ఫారం, పెట్టెలు మందపాటి అట్టతో గాని, సన్‌బోర్డుతో గాని చేయవచ్చు. మీ బడిలో అటల్ టింకరింగ్ ప్రయోగశాల ఉంటే అక్కడి త్రీడీ ప్రింటరుతో చక్రాల చట్రాలు, కిటికీ ఊచలు అచ్చు పోసుకోవచ్చు.

అసలు కంకర రాయి 65 మి.మీ. మించదు. నమూనాలో అది అర మిల్లీమీటరు పైచిలుకు. టీ వడగట్టే జల్లెడలో నుంచి జారిన సన్నని ఇసుక ఇందుకు సరిపోతుంది. దాన్ని స్లీపర్ల మధ్య పరచి, ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి, మందు చుక్కలు వేసే గొట్టంతో పోయండి. మొదటిసారి బొట్టు ఇసుక మీద ముత్యంలా నిలిచిపోతుంది, లోపలికి దిగదు. తలతన్యత దాన్ని పట్టి ఉంచుతుంది. గిన్నెలు తోమే సబ్బునీరు ఒక చుక్క కలపండి. తలతన్యత తగ్గి, జిగురు ఇసుకలోకి ఇంకిపోతుంది. మరునాటికి కంకర గట్టిపడుతుంది. ఎర్రమట్టి పొడి, బొగ్గు పొడి మెత్తని కుంచెతో అద్దితే తుప్పు, బ్రేకు పొడి తయారు.

రంగులు కొంచెం లేతగా కలపండి. దూరాన ఉన్న కొండ నీలంగా, పాలిపోయి కనబడడం మీకు తెలుసు. నూరు మీటర్ల దూరాన ఉన్న వస్తువు కూడా గాలిలోని దుమ్ము వల్ల కొంత వెలిసినట్లు ఉంటుంది. డబ్బాలోని ముదురు రంగును నేరుగా వేస్తే బొమ్మ రూపం వస్తుంది.

చివరగా పలకను ఎక్కడ పెట్టాలి? నేల మీద పెట్టి మీటరు ఎత్తు నుంచి చూస్తే, అసలు స్టేషనును నూరు మీటర్ల ఎత్తు నుంచి, హెలికాప్టరులో కూర్చొని చూసినట్లు. మనం స్టేషనును అలా ఎన్నడూ చూడం. పలకను ఛాతీ ఎత్తున అమర్చండి. అప్పుడు కన్ను ప్లాట్‌ఫారం మట్టానికి దగ్గరవుతుంది. ఇంజను ఎదురుగా వస్తుంటే అడుగు వెనక్కు వేయాలనిపిస్తుంది.

తేదీ వేయడం మరువకండి

ఐరోపాలోని నమూనాకారులు రైళ్ళ చరిత్రను ఆరు యుగాలుగా విభజించుకున్నారు. ఆరవది సుమారు 2007 నుంచి మొదలవుతుంది. ఏ యుగానికి చెందిన నమూనా అయితే ఆ యుగపు వస్తువులే అందులో ఉండాలి. ఈ క్రమశిక్షణ మనకూ అవసరం. ఎందుకంటే 'నేడు' నిలిచి ఉండేది కాదు. మన బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల మామూలు సేవ 1995 డిసెంబరులో ముగిసింది. 1955లో మొదలైన పెరంబూరు కర్మాగారం దశాబ్దాల పాటు పోసిన పాత రకం పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది. వందేభారత్ రైలు 2019 ఫిబ్రవరిలో మొదటిసారి ప్రయాణికులతో కదిలింది. 2018 నాటి స్టేషను అని చెప్పి అందులో వందేభారత్‌ను నిలబెడితే, ఎంత అందంగా ఉన్నా, అది అబద్ధం అవుతుంది.

ఆవిరి ఇంజన్లు పోతున్నప్పుడు వాటిని కొలిచి, బొమ్మ గీసి, ఫోటోలు తీసి పెట్టినవారు ఎందరో ఉన్నారు. వారి వల్లనే ఈనాడు వాటి నమూనాలు కట్టగలుగుతున్నారు. మరి మన స్టేషనులోని పాత టిక్కెట్టు కిటికీ, సిమెంటు బెంచీ, మూత విరిగిన నీళ్ళ కుళాయి, వేపచెట్టు చుట్టూ కట్టిన అరుగు - వీటిని ఎవరు కొలిచి పెట్టారు? స్టేషన్లు కొత్త రూపు దిద్దుకుంటున్నాయి. అరుగు పోయి అంగడి రావచ్చు. పోయిన తర్వాత 'అది ఎంత ఎత్తుండేది?' అని అడిగితే చెప్పేవారుండరు.

కనుక మీ నమూనా పూర్తి కాగానే పలక అడుగున మూడు సంగతులు రాయండి. స్టేషను పేరు, నిష్పత్తి, తేదీ. 'ఈ తేదీన మా ఊరి స్టేషను ఇలా ఉంది' అని మీరు సంతకం చేసి ఇస్తున్న పత్రం అది. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా స్కేలు తీసుకొని వచ్చి, మీ అట్ట అరుగును కొలిచి నూరుతో గుణిస్తే, ఆ వేపచెట్టు నీడ ఎంత మేర పరచుకొనేదో వారికి తెలుస్తుంది.

ఈ ఆదివారం ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు తీసుకొని స్టేషనుకు వెళ్ళండి. ముందు స్లీపర్లు లెక్కపెట్టండి.